అండమానా, లక్షద్వీపా? అమ్మానాయినలతో సంక్రాంతి సెలవుల్లో

అమ్మానాయినలకు సముద్రం చూపించాలి, అండమాన్‌కు పోవాలా లక్షద్వీప్‌కు పోవాలా అని ఎవరైనా అడిగితే నేను వెంటనే అండమాన్ అనే చెప్తాను. ఫోటోలు పక్కపక్కన పెట్టుకుని చూస్తే నెల రోజులైనా తేలదు, రెండూ బాగుంటాయి. వెంట ఎవరు వస్తున్నారో చూసుకుంటే మాత్రం ఒక్క పూటలో తేలిపోతుంది. మాకు అలాగే తేలింది.

మాది నల్లగొండ జిల్లా, మునుగోడు దగ్గర ఒక ఊరు. నాయిన పత్తి, బత్తాయి తోట చేసుకుంటూ డెబ్బై దాటాడు. ఆయన చూసిన పెద్ద నీళ్లంటే గేట్లు ఎత్తినప్పటి నాగార్జునసాగరే, సముద్రం చూడలేదు. చిన్నప్పటి నుంచి బోరు నీళ్లు తాగిన మనిషి, కృష్ణా నీళ్లు మా ఊరికి వచ్చేసరికే నడుము, మోకాళ్లు బిగుసుకుపోయాయి. ఆ బోరు నీళ్లలోని ఫ్లోరైడ్ గురించి మా వైపు వాళ్లకు కొత్తగా చెప్పాల్సింది లేదు. నెమ్మదిగా నడుస్తాడు, మెట్లు దిగాలంటే మాత్రం ఎవరో ఒకరు చెయ్యి పట్టుకోవాలి. అందుకే ఏ ప్లాన్ వేసినా ముందు నాయిన మోకాళ్లకు కుదురుతుందా అని చూశాం.

మా బామ్మర్దిది మాత్రం లక్షద్వీపే. 2024 జనవరిలో ప్రధాని అక్కడికి వెళ్లి ఫోటోలు పెట్టినప్పటి నుంచి అతనికి అదే ధ్యాస. "బావా, అండమాన్ అందరూ పోతరు, ఇది వేరే" అని వీడియోలు పంపుతూనే ఉన్నాడు. అతను చెప్పేదాంట్లో నిజముంది. లక్షద్వీప్ మొత్తం 36 దీవులు, అన్నీ కలిపినా 32 చదరపు కిలోమీటర్లే, మనుషులుండేవి పది. అవి పగడాల మీద ఏర్పడిన దీవులు కాబట్టి పెద్ద అలలు బయటి పగడపు దిబ్బ దగ్గరే విరిగిపోతాయి, లోపల నీళ్లు మన ఊరి చెరువంత నెమ్మదిగా ఉంటాయి. ఈత రాని పిల్లలకు అంతకన్నా మంచి సముద్రం దొరకదు.

అక్కడికి చేరడం దగ్గరే వచ్చింది చిక్కు. మన దేశం వాళ్లమే అయినా ఎంట్రీ పర్మిట్ తీసుకోవాలి. ఓడ కొచ్చి నుంచి బయల్దేరుతుంది, దీవిని బట్టి 14 నుంచి 18 గంటల ప్రయాణం. పెద్ద ఓడలు చాలా దీవుల దగ్గర లోపలికి రాలేవు, బయటే ఆగుతాయి, అక్కడ ఊగుతున్న ఓడ నుంచి ఊగుతున్న చిన్న పడవలోకి దిగాలి. ఆ వీడియో చూసిన క్షణమే నా మనసులో లెక్క తేలిపోయింది. మా నాయిన ఆ దిగుడు దిగలేడు. అక్కడి అగత్తి దీవికి విమానం ఉంది, నిజమే, కానీ మధ్యలో దిగి చిన్న విమానం మారాలి, సీట్లు తక్కువ, అక్కడి నుంచి వేరే దీవికి పోవాలంటే మళ్లీ పడవే. అదే శంషాబాద్‌లో ఎక్కితే పోర్ట్ బ్లెయిర్ నేరుగా సుమారు రెండున్నర గంటలు. అక్కడ మెడికల్ కాలేజీ, పెద్ద ప్రభుత్వాసుపత్రి కూడా ఉన్నాయి. పెద్దవాళ్లను తీసుకుపోయేవాళ్లకు ఆ ధైర్యం చిన్నది కాదు.

సంక్రాంతి సెలవులకు టికెట్లు చేశాం. విమానం వాళ్లను ముందే వీల్‌చైర్ అడిగి పెట్టుకున్నాం, అమ్మ సకినాల డబ్బా సర్దింది, ఇంకేం టెన్షన్ లేదు. పోర్ట్ బ్లెయిర్ పేరు 2024లో శ్రీ విజయపురం అని మారింది గానీ మేము కలిసిన వాళ్లంతా పాత పేరే అన్నారు. మాకు దొరికిన ఆటోవాలా తెలుగువాడు, వాళ్ల తాత శ్రీకాకుళం నుంచి వచ్చి స్థిరపడ్డాడట. "ఎక్కడి నుంచండీ బాబాయి గారూ" అని అతను పలకరించగానే నాయిన ముందు సీట్లోకి మారి అతని పక్కన కూర్చున్నాడు. 2011 జనగణన లెక్కలో అండమాన్ నికోబార్‌లో నూటికి 13 మంది తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్లు. మార్కెట్లో, టిఫిన్ సెంటర్లో, జెట్టీ దగ్గర తెలుగు వినిపిస్తూనే ఉంటుంది, తెలుగు తప్ప రాని మా అమ్మ తనంతట తానే బేరాలాడింది. లక్షద్వీప్‌లో మలయాళం మాట్లాడతారు, అక్కడి మినికాయ్ దీవిలో మహల్ అనే భాష. ఆమెకు ప్రతి మాటా మేమే చెప్పాల్సి వచ్చేది.

సెల్యులార్ జైలుకు పోకుండా అండమాన్ నుంచి వచ్చినవాళ్లు కూడా ఉన్నారు, బీచ్‌లకే టైం సరిపోయిందంటారు. నాకు అది బాధగా ఉంటుంది. 1896లో మొదలుపెట్టి 1906కు కట్టారు, మధ్యలో ఒక బురుజు, దాని నుంచి ఏడు వైపులకు ఏడు భవనాలు, దాదాపు 700 ఒంటరి గదులు. ఒక భవనం ముందు భాగం ఇంకో భవనం వెనక గోడనే చూస్తుంది, అంటే ఏ ఖైదీకీ ఇంకో ఖైదీ ముఖం కనపడకూడదని అలా కట్టారు. ఇప్పుడు మూడు భవనాలే మిగిలాయి. నాయిన పైకి ఎక్కలేదు, కింద ఖైదీల చేత నూనె తీయించిన గానుగ దగ్గరే చాలాసేపు నిలబడ్డాడు. "ఎద్దు తిరగాల్సిన కాడ మనిషిని కట్టిండ్రు" అన్నాడు. వాళ్ల నాయిన, అంటే మా తాత, సాయుధ పోరాటం రోజుల్లో నెలల తరబడి ఇంటికి రాకుండా గుట్టలు పట్టుకుని తిరిగినవాడు. ఆ కథలన్నీ నాయిన అక్కడ బల్ల మీద కూర్చుని నా పిల్లలకు చెప్పాడు, నేను కూడా అంతకుముందు విననివి కొన్ని ఉన్నాయి. నేను మౌల్వీ అల్లావుద్దీన్ గురించి చెప్పాను. 1857 జులై 17న తుర్రేబాజ్ ఖాన్‌తో కలిసి హైదరాబాద్‌లో బ్రిటిష్ రెసిడెన్సీ మీద దాడికి దిగిన మనిషి, ఆయన్ని ఈ దీవులకే పంపారు, ఇక్కడే చనిపోయాడు, అదీ ఈ జైలు కట్టకముందే. కోఠీలో ఆ రెసిడెన్సీ భవనం ముందు నుంచి ఎన్నిసార్లు బస్సులో పోయి ఉంటామో. మన తెలంగాణ వాళ్లు ఒక్కసారైనా ఈ జైలు చూడాలని అందుకే అంటున్నాను.

అక్కడి నుంచి హావ్‌లాక్, ఇప్పటి పేరు స్వరాజ్ ద్వీప్. ప్రైవేటు ఫెర్రీ అయితే గంటన్నరకు అటూ ఇటూ, ప్రభుత్వ ఫెర్రీ చవక, ఇంకా ఎక్కువసేపు పడుతుంది. కడుపులో తిప్పుతుందని అమ్మ ముందే మాత్ర వేసుకుని కళ్లు మూసుకుని కూర్చుంది. మేము ఎక్కిన జెట్టీల్లో చదునైన వంతెన మీదుగా నడిచి ఎక్కాం, ఎక్కించడానికి సిబ్బంది చెయ్యి ఇచ్చారు. రాధానగర్ బీచ్‌ను 2004లో టైమ్ పత్రిక ఆసియాలో మేటి బీచ్ అంది, ఆ మాట ఇప్పటికీ తప్పు కాదు. పెద్ద పెద్ద చెట్లు దాటుకుని ఒడ్డుకు రాగానే తెల్లటి ఇసుక, లోతు కొద్దికొద్దిగా పెరిగే నీళ్లు. నాయిన ధోవతి పైకి కట్టి నా భుజం పట్టుకుని మోకాళ్ల దాకా దిగాడు. మొదట కాళ్ల కింద ఇసుక జారుతుంటే భయపడ్డాడు, తర్వాత నా చెయ్యి వదిలేసి అలా నిలబడ్డాడు. అమ్మ ఒడ్డున కూర్చుని పిలిచింది, పిల్లలు పిలిచారు, రాలేదు. చివరికి చీకటి పడబోతుంటే అందరినీ బయటికి రమ్మని లైఫ్‌గార్డ్ విజిల్ ఊదాడు, అప్పుడొచ్చాడు. అక్కడ అయిదున్నరకల్లా వెలుతురు పోతుంది, మనకన్నా చాలా తూర్పున ఉన్నా గడియారం ఒకటే కదా. సాయంత్రం అయిదుకు బయల్దేరదాం అనుకునేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

నాయినకు అన్నిటికన్నా నచ్చింది నీల్ దీవి, శహీద్ ద్వీప్. అందరూ అక్కడ సహజంగా ఏర్పడిన రాతి వంతెన చూస్తారు, నీళ్లు వెనక్కి పోయినప్పుడే దాని దగ్గరికి నడవగలం, అంతా గరుకు పగడపు రాళ్లు, నాయిన వల్ల కాదని అమ్మను తోడుంచి పైనే కూర్చోబెట్టాం. మేము తిరిగొచ్చేసరికి ఇద్దరూ లేరు. వెతికితే పక్కన కూరగాయల తోటలో ఉన్నారు. అండమాన్‌కు కూరగాయలు పండించే దీవి అది, బెంగాల్ నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబాలు చాలా ఉన్నాయి. ఆ రైతుది బెంగాలీ యాసలో హిందీ, మా నాయినది నల్లగొండ ఉర్దూ, అయినా బ్రహ్మాండంగా మాట్లాడుకుంటున్నారు. బీర, సొర, వంకాయ, మధ్యలో పోక చెట్లు, కొబ్బరి. అక్కడ ఏడాదికి సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన పడుతుందని నేను చెప్తే నాయిన నమ్మలేదు, మా జిల్లాలో 700 దాటితేనే మంచి కాలం అంటాం. ఇంత వాన పడ్డా ఎండాకాలం బావుల్లో నీళ్లు తగ్గుతాయని ఆ రైతు చెప్పాడు, చిన్న దీవి, నీళ్లు సముద్రంలోకి పోతాయి. కుంటలు తవ్వి ఆపుకోండి అని నాయిన అతనికి వివరంగా, చేతులతో కొలతలు చూపిస్తూ చెప్పాడు. రెండు గంటలు అక్కడే గడిచాయి. లక్షద్వీప్‌కు పోతే ఆయనకు ఈ తోట ఉండేది కాదు. లక్షద్వీప్ రాజధాని కవరత్తిలో 2005 నుంచి సముద్రపు నీటినే మంచినీళ్లుగా మార్చి ఇస్తున్నారని నేను చదివింది చెప్పినప్పుడు మాత్రం మా ఇద్దరికీ అక్కడికీ పోవాలనిపించింది. మంచినీళ్ల కోసం ఎదురుచూసిన జిల్లా మాది, ఆ ప్లాంటు నాకు ఏ బీచ్‌కూ తక్కువ కాదు.

బారాటాంగ్ గుహలకు పోలేదు. తెల్లవారక ముందే లేచి కాన్వాయ్‌లో పోవాలి, రోడ్డు ప్రయాణం నాయిన నడుముకు పడదు. పైగా ఆ దారి జారవా ఆదివాసీలు ఉండే అడవిలోంచి పోతుంది, ఫోటోలు తీయడం, మాట్లాడించడం చట్టప్రకారం నిషేధం. అయినా వాళ్లు కనబడతారేమో అన్న ఆశతో బయల్దేరేవాళ్లున్నారు, అది నాకు సమ్మతం కాదు. నీల్ దీవిలోని భరత్‌పూర్ బీచ్ దగ్గర గాజు అడుగు పడవ ఎక్కాం, ఈత రాని అమ్మకు చేపలు, పగడాలు అలాగే చూపించాం. ఒడ్డున దొరికిన పగడపు ముక్కలు, గవ్వలు ఇంటికి తెచ్చుకోకూడదు, పిల్లలకు ముందే చెప్పాం.

ఒక్క జాగ్రత్త మాత్రం తప్పకుండా చెప్పాలి. చివరి రోజు దీవిలో ఉండి అదే రోజు విమానం ఎక్కే ప్లాన్ వేయొద్దు. సముద్రం బాగాలేకపోతే ఫెర్రీలు ఆగిపోతాయి. మేము ఒకరోజు ముందే పోర్ట్ బ్లెయిర్ చేరాం, ఆ రోజు మా ఫెర్రీ గంటలు ఆలస్యమైనా ఎవరికీ బెంగ లేదు. చేతిలో కొంత నగదు కూడా ఉంచుకోండి, చిన్న దీవుల్లో నెట్‌వర్క్ ఎప్పుడు పోతుందో తెలియదు.

మా బామ్మర్ది, అతని భార్య ఈసారి లక్షద్వీప్‌కే పోతున్నారు. ఇద్దరికీ ఈత వచ్చు, మోకాళ్లు గట్టివి, వాళ్లకు అదే సరైన చోటు, నేనే ప్రోత్సహించాను. వానలు మొదలయ్యే మే నెల దాకా ఆగకుండా ముందే పోయి రమ్మన్నాను. పర్మిట్ కాగితాలు తయారు చేసుకుంటున్నాడు, ఓడా విమానమా అన్నది ఇంకా తేల్చుకోలేదు. పోయేటప్పుడు ఓడలో పోయి వచ్చేటప్పుడు అగత్తి నుంచి విమానం ఎక్కమన్నాను.