కాసేపట్లో అన్నారు

సోమవారం అని రాయాలి గానీ ఒంటిగంట దాటింది, మంగళవారం వచ్చేసినట్టే. అమ్మ పక్క గదిలో పడుకుంది, ఫ్యాన్ చప్పుడు తప్ప ఇంట్లో ఏ అలికిడీ లేదు. నేను ఎదురుచూస్తున్న గేమ్ చేసేవాళ్ల ఆన్‌లైన్ ఇంటర్వ్యూ అయిపోయి పావుగంట అయింది, నాకు నిద్ర పట్టడం లేదు, అందుకే మొత్తం రాసేసి పడుకుందామని కూర్చున్నాను.

పొద్దున్నించి మొదలుపెడతాను. కార్తీక సోమవారం, అమ్మ ఉపవాసం. ఏటా ఈ రోజు తెల్లారకుండానే గుడికి వెళ్తుంది, ఈసారి వెళ్లలేదు. మొన్న శనివారం కాశీబుగ్గ గుడిలో తొక్కిసలాటలో తొమ్మిది మంది పోయారు కదా, ఆ వార్త చూసినప్పట్నుంచి అమ్మ మనసు మనసులో లేదు. తులసికోట దగ్గరే దీపం పెట్టుకుని అక్కడే చాలాసేపు కూర్చుంది. నేను ఏమీ మాట్లాడించలేదు, టిఫిన్ చేసి ల్యాబ్‌కి వెళ్లిపోయాను.

సోమవారం ల్యాబ్‌లో రద్దీ ఎక్కువ. ఆదివారం ఆగినవాళ్లంతా పొద్దున్నే వస్తారు, అందులో సగం మంది పరగడుపున వస్తారు కాబట్టి వాళ్ల నుంచి ముందు రక్తం తీసి పంపేయాలి, పన్నెండు వరకు తల ఎత్తలేదు. గజపతినగరం అవతల నుంచి ఒక పెద్దాయన మనవరాల్ని తీసుకొచ్చాడు, యూరిన్ కల్చర్ రాశారు. కౌంటర్ దగ్గర అబ్బాయి ఏ ఆలోచనా లేకుండా "కాసేపు కూర్చోండి తాతా" అన్నాడట. ఆయన నిజంగానే కూర్చున్నాడు, ఆ పాపని ఒళ్లో పెట్టుకుని, రెండున్నర గంటలు. నేను టీకి బయటికొస్తే "మాది బేగి ఇచ్చీండమ్మా, బస్సెళ్లిపోద్ది" అన్నాడు. ప్రాణం ఉసూరుమంది. కల్చర్ అంటే శాంపిల్‌ని ప్లేట్ మీద రాసి 37 డిగ్రీల దగ్గర ఉంచాలి, అందులో సూక్ష్మజీవి ఉంటే అది పెరిగి కంటికి కనపడేదాకా ఆగాలి, ఆ తర్వాత అది ఏ మందుకి లొంగుతుందో చూడాలి. రెండు రోజులు పడుతుంది, ఒక్కోసారి మూడు. తొందరపెడితే పెరగదు. ఇదంతా ఆయనకి చెప్పి, బుధవారం సాయంత్రం ఫోన్ చేసి కనుక్కుని వస్తే చాలు తాతా అని నంబర్ రాసిచ్చాను. కోప్పడతాడనుకున్నాను. "ముందే సెప్పుంటే ఈపాటికి ఇంటికెళ్లిపోదుం కదమ్మా" అన్నాడంతే, పాపని ఎత్తుకుని బయల్దేరాడు. రెండు రోజులు ఆగమంటే ఆయనకి కష్టం అనిపించలేదు. ఆ కాసేపు అన్న మాటే ఆయన్ని బెంచీకి కట్టేసింది.

రాత్రంతా నాకు ఆ పెద్దాయనే గుర్తొచ్చాడు.

గేమ్ పేరు ఇక్కడ రాయను. చేసేది ఇద్దరే మనుషులు, ఈ రాత్రి జరిగిన ఆలస్యానికి వాళ్ల పేరు కలపడం నాకు ఇష్టం లేదు. రాత్రి, నది, ఒక పడవ, తెడ్డు పట్టుకున్న ముసలమ్మ, ఆమె వెనక కూర్చున్న పిల్ల. ఆ పిల్ల మనం. ఫిబ్రవరిలో నలభై నిమిషాల డెమో ఇచ్చారు, నేను పదకొండుసార్లు ఆడాను, నా పాత ల్యాప్‌టాప్ మీద కూడా చక్కగా నడిచింది. ప్రతి బొమ్మా చేత్తో గీసిందే. తొందరగా పోదామని ఎక్కువ నొక్కితే ముసలమ్మ దగ్గుతుంది, నెమ్మదిస్తే ఏదో పాట ఎత్తుకుంటుంది, ఎక్కడా వెనక్కి మాత్రం తిరగదు. ఆ వీపు చూస్తే నాకు మా అమ్మమ్మ కట్టెల పొయ్యి ముందు కూర్చున్నట్టే ఉంటుంది. చిన్నప్పుడు నేను ఎప్పుడూ ఆమె వెనకే కూర్చునేదాన్ని, ఇప్పుడు తలుచుకుంటే ముఖం కంటే ఆ వీపు, ఆ ముడి, భుజం మీద చిరిగిన జాకెట్టు కుట్టు, ఇవే ముందు వస్తాయి. ఇంటర్వ్యూకి ప్రశ్నలు పంపమన్నారని అరగంట కూర్చుని ఇంగ్లీషులో ఒక్కటే రాశాను, ఆవిడ మనవైపు ఎందుకు తిరగదు అని. రిలీజ్ డేట్ అడగలేదు, అది అడిగేవాళ్లు చాలామందే ఉంటారు. ఆ ఇద్దరూ ఇప్పటిదాకా ఎక్కడా మాట్లాడలేదు, కనీసం గొంతు ఎలా ఉంటుందో తెలియదు, వాళ్లు గీసిన ముసలమ్మ దగ్గు మాత్రం నాకు నిద్రలో కూడా వినపడుతుంది. అందుకే ఈ ఇంటర్వ్యూ అంటే అంత ఆత్రం.

అమెరికా పడమటి తీరం టైమ్‌లో ఉదయం 9 గంటలకి అన్నారు. పోయిన నెలంతా వాళ్లకీ మనకీ పన్నెండున్నర గంటల తేడా, ఆ లెక్కన మనకి రాత్రి తొమ్మిదిన్నర. శ్రీకాకుళంలో చదువుకుంటున్న మా చిన్నమ్మ కొడుక్కీ, రాజాం స్నేహితుడికీ అదే చెప్పాను. అక్కడ నవంబర్ మొదటి ఆదివారం గడియారాలు గంట వెనక్కి తిప్పుతారని నాకు తెలుసు, ఏటా జరిగేదే, ఆ ఆదివారం నిన్నే అని తట్టలేదు. నిన్నటి నుంచి తేడా పదమూడున్నర, అంటే మనకి పదిన్నర. తప్పు నాదే. గంటసేపు వాళ్లిద్దర్నీ ఊరికే కూర్చోబెట్టాను, తమ్ముడు ఉదయం ఆరింటికి లేచి కాలేజీ బస్సు ఎక్కాల్సినవాడు.

అమ్మ సాయంత్రం చుక్క చూసి భోంచేసింది. పదింటికి నా గదిలోకి వచ్చి స్క్రీన్ చూసి "నా సుక్క పొడిసింది, తిన్నాను, నీ సుక్క ఎప్పుడు పొడుస్తాదే?" అని అడిగి, నా భుజం మీద చెయ్యేసి కాసేపు తనూ ఆ స్క్రీన్ చూసింది. నది బొమ్మ, కింద "కాసేపట్లో మొదలవుతుంది" అన్న ఒక వాక్యం.

పదిన్నర అయింది. పదకొండు. అదే బొమ్మ, అదే వాక్యం. పక్కన జనం మాటలు వరదలా పోతున్నాయి, ఏ దేశం వాళ్లో, ఎవరికి పొద్దున్నో ఎవరికి అర్ధరాత్రో. మొదట అందరూ సరదాగానే ఉన్నారు, పదకొండు దాటాక మాట మారింది. మోసం అన్నారు, గేమే లేదేమో అన్నారు, ఇంకా రాయకూడని మాటలూ అన్నారు. రాజాం స్నేహితుడు కూడా "వీళ్లు మనల్ని ఆడిస్తన్నారు" అని పెట్టాడు. నేను వద్దన్నాను, ఇద్దరు మనుషులు, వాళ్లకి ఏం ఇబ్బంది వచ్చిందో అన్నాను. "అయితే అదే సెప్పొచ్చు కదా" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. తమ్ముడు పదకొండున్నరకి ఫోన్ చేసి "ఏటప్పా, ఇంకా రాలేదా? నేను తొంగుంటాను, నువ్వు చూసి చెప్పు" అన్నాడు, గొంతు నిద్రతో ముద్దగా ఉంది.

ఎదురుచూడటం నాకు కొత్త కాదు. సిల్క్‌సాంగ్ అనే గేమ్‌ని 2019 ఫిబ్రవరి 14న ప్రకటించినప్పుడు నేను డీఎంఎల్‌టీ, అంటే ల్యాబ్ టెక్నీషియన్ డిప్లొమా, మొదటి ఏడు. ముందు అది వాళ్లదే పాత గేమ్ హాలో నైట్‌కి అదనపు భాగంగా చేద్దామనుకున్నది, పెరిగి పెరిగి వేరే గేమ్ అయింది. 2022 జూన్‌లో ఎక్స్‌బాక్స్ షోలో చూపించి, అక్కడ చూపించినవన్నీ ఏడాదిలోపు ఆడుకోవచ్చన్నారు, 2023 మే వచ్చేసరికి ఇంకా టైమ్ కావాలన్నారు, ఆ తర్వాత చాలాకాలం దాదాపు మాటే లేదు, ఈరోజు కూడా వార్త లేదు అని చెప్పడానికే రోజూ వీడియో పెట్టే ఛానెల్ ఒకటి నడిచింది. చివరికి 2025 ఆగస్టు 21న తేదీ చెప్పి సెప్టెంబర్ 4న వదిలారు. మనకి రాత్రి ఏడున్నర, జనం ఒక్కసారి మీద పడేసరికి గేమ్ అమ్మే స్టోర్లే కాసేపు తెరుచుకోలేదు. తేదీ చెప్పిన రోజే బ్లూమ్‌బెర్గ్‌లో ఆ గేమ్ చేసిన టీమ్ చెర్రీ వాళ్లు, ఆస్ట్రేలియా అడిలైడ్‌లో ఉండే అరి గిబ్సన్, విలియం పెలెన్, ఎట్టకేలకు మాట్లాడారు. మధ్యలో గొడవలేమీ రాలేదట, చేయడం బాగుండి చేస్తూ పోయారట, ఇంకా చేస్తున్నాం అని తప్ప చెప్పడానికేమీ లేనప్పుడు అదే మాట మళ్లీ మళ్లీ చెబితే జనానికి మనసు విరుగుతుందని ఊరుకున్నారట. అది చదివాక నాకు వాళ్ల మీద ప్రేమ ఎక్కువైంది గానీ ఆ చివరి మాట మాత్రం ఒప్పుకోలేను. ఇంకా చేస్తున్నాం అని ప్రతి నెలా చెప్పినా నేను వినేదాన్ని.

ఆలస్యం నాకు బాధే కాదు. సైబర్‌పంక్ 2077 అనే గేమ్‌ని 2020లో మూడుసార్లు వాయిదా వేశారు, అప్పటికీ కుదరకుండానే డిసెంబర్ 10న వదిలారు, ఆ నెలలోనే సోనీ తన స్టోర్‌లోంచి తీసేసింది, మళ్లీ పెట్టింది 2021 జూన్‌లో. ప్లేట్ మీద ఏదీ పెరక్కముందే రిపోర్ట్ రాసిచ్చినట్టు అది. అలా ఇచ్చేకంటే ఇంకో ఏడాది ఆగమనడమే నయం.

పన్నెండుకి పది నిమిషాలప్పుడు కళ్లు మూసుకుంటే పోయిన నెల మా విజయనగరం పైడితల్లి జాతరలో సిరిమాను, పొడవాటి మాను చివర పూజారిని కూర్చోబెట్టి ఊరేగించేది, గుర్తొచ్చింది. మధ్యాహ్నం నుంచి కోట దగ్గరా మూడు లాంతర్ల దగ్గరా ఇసకేస్తే రాలని జనం, మేడల మీద, గోడల మీద, పిల్లల్ని భుజాల మీద ఎక్కించుకుని, చేతుల్లో అరటిపళ్లు పట్టుకుని నిలబడతారు. ఎంతసేపైనా నిలబడతారు. నేనూ అక్కడే ఉన్నాను, కాళ్లు లాగాయి, దాహం వేసింది, కానీ ఎప్పుడొస్తుందో అన్న టెన్షన్ లేదు. ఎందుకంటే మాను కంటే ముందు రావాల్సినవి వస్తుంటాయి. పాలధార వచ్చింది, తెల్ల ఏనుగు వచ్చింది, అంజలి రథం వచ్చింది, బెస్తవారి వల వచ్చింది అని ఒకరు చూసి ఇంకొకరికి చెబుతుంటారు, అవి వచ్చాయంటే పైడితల్లి మాను బయల్దేరుతోందని అందరికీ తెలుసు, మాను చివర పూజారి కనపడగానే ఆ చివర నుంచి ఈ చివరకి జనం అరుపు అలలా వస్తుంది. ఈ రాత్రి స్క్రీన్ మీద ఏ ఏనుగూ రాలేదు.

12:05కి బొమ్మ మారింది. చిన్న గది, గోడ నిండా కాగితాలు, హెడ్‌ఫోన్స్ పెట్టుకున్న ఒకాయన, ఆయన పక్కన ఒకావిడ. ఆవిడే ముందు మాట్లాడింది, క్షమించమని. ఇంటర్వ్యూ చేసేవాళ్ల వైపు తమ గొంతు వెళ్లక గంటన్నర తిప్పలు పడ్డారట, వాళ్లకి ఇటు జనం కోప్పడుతున్నారని కూడా కనపడిందట, కానీ ఆ స్క్రీన్ మీద వాక్యం మార్చడం వాళ్ల చేతిలో లేదట. చెబుతుంటే ఆవిడ చేతులు వణకడం కనపడింది. పదకొండింటికి అన్న మాటలన్నీ ఆవిడ చదివిందని అర్థమై నాకు గొంతు పట్టేసింది.

రిలీజ్ డేట్ అడిగారు. అయ్యాక చెబుతాం అన్నారు. ధర అడిగారు, ఏ కన్సోల్స్‌కి వస్తుందో అడిగారు, ఇవేవీ నేను సరిగా వినలేదు. నా ప్రశ్న ఎవరూ అడగలేదు. అయితే నలభై నిమిషాల చివర్లో నీళ్లు ఎలా గీస్తారు అన్న ప్రశ్నకి ఆయన ఒక నోట్‌బుక్ తీసి కెమెరా ముందు పేజీలు తిప్పాడు, అన్నీ అలలు, అలలు, మధ్యలో ఒక పేజీలో ముసలమ్మ, మనవైపు తిరిగి. రెండు సెకన్లు. ఆయన ఆగలేదు, ఆమె గురించి ఒక్క మాటా అనలేదు, పేజీ తిప్పేశాడు. నేను వెనక్కి తిప్పి, ఆపి, ఫోటో తీసుకున్నాను.

ఇక పడుకుంటాను, ఏడున్నరకి ల్యాబ్.

ఉదయం 6:40. తమ్ముడు బస్సులోంచి ఫోన్ చేశాడు. "డేట్ సెప్పారా అప్పా?" లేదురా అన్నాను, ముసలమ్మ ముఖం చూపించారు అన్నాను. కాసేపు అటునుంచి బస్సు హోరే వినపడింది. "పంపు బేగి" అన్నాడు. పంపాను. ఆయన వేలు అడ్డం వచ్చి సగమే పడింది, మసగ్గా కూడా ఉంది, ఒక కన్ను, ఒక చెంప, నోటి చివర చిన్న నవ్వు. రెండు నిమిషాలకి మళ్లీ ఫోన్ చేశాడు.

"ఇటు తిరిగింది గానీ మనల్ని చూడట్లేదప్పా, ఆ కన్ను చూడు, మన వెనకాల ఉన్న నీళ్లని చూస్తంది."

మళ్లీ తెరిచి చూశాను. నిజమే.