మామ్మ సర్పి, పైన ఊరికే కూర్చున్న కణాలు

మొన్న సంక్రాంతికి పర్లాకిమిడి వెళ్లేసరికి మామ్మ మంచం మీద ఓ పక్కకి తిరిగి పడుకుని ఉంది. చీర అంచు తగిలినా మంటట. నడుం చుట్టూ సగం దాకా, మొలతాడు కట్టినట్టు నీటి పొక్కులు. సర్పి. అప్పటికే పక్కవీధి ఆవిడ జేగురు పూసి వెళ్లింది. డాక్టరు ఒడియాలో అడిగింది ఒక్కటే, చిన్నప్పుడు అమ్మవారు పోసిందా అని. పోసింది, ఏడేళ్లప్పుడు. ఆ వైరస్ ఎక్కడికీ పోలేదు, ఇన్నేళ్లూ వెన్ను పక్క నరాల్లో పడుకుని, ఒంట్లో కాపలా సడలగానే లేచింది.

ఇదే వైరస్ వ్యోమగాముల్లోనూ లేస్తుందట! వాళ్లేమో ఏరి తెచ్చిన గట్టి మనుషులు. అయినా స్పేస్ షటిల్‌లో వెళ్లినవాళ్లలో 89 మందిని పరీక్షిస్తే 47 మందిలో, స్పేస్ స్టేషన్‌లో ఉన్న 23 మందిలో 14 మందిలో హెర్పిస్ జాతి వైరస్‌లు బయటపడ్డాయి, అమ్మవారి వైరస్ కూడా ఆ జాతిదే. చాలామందికి ఒక్క పొక్కూ రాలేదు లెండి.

టెన్షన్ వల్లేమో అనుకున్నాను, రోజుకి 16 సూర్యోదయాలు చూసేవాడికి నిద్రేం పడుతుంది? అదీ కొంత నిజమే. కానీ 1983లో ఆగస్టో కోగోలి అనే శాస్త్రవేత్త షటిల్‌లో పైకి తీసుకెళ్లే ప్రయోగశాల స్పేస్‌ల్యాబ్‌లో చేయించిన ప్రయోగంలో అసలు మనిషే లేడు, రక్తంలో కాపలా కాసే తెల్లకణాలు, లింఫోసైట్లు మాత్రమే ఉన్నాయి. శత్రువు వచ్చినట్టు వాటిని రెచ్చగొట్టే కాంకనావలిన్ కలిపితే భూమ్మీది కణాలు చకచకా రెండేసి అవుతున్నాయి, పైనవి అందులో 3 శాతం కూడా కదల్లేదు. విడి కణానికి టెన్షన్ ఏముంటుంది చెప్పండి? 1985లో మళ్లీ చేసి, కొన్నిటిని అక్కడే సెంట్రిఫ్యూజ్ అనే గిర్రున తిరిగే యంత్రంలో తిప్పి భూమ్మీదంత బరువు తెప్పిస్తే అవి పనిలోకి దిగాయి. నన్ను ఒప్పించింది ఇదే. కణం లోపల వాసాల్లా సన్నటి ప్రోటీన్ పోగులుంటాయి, బరువు లేకపోతే వాటి అమరిక మారుతుంది, బయట తట్టిన కబురు లోపలికి సరిగ్గా అందదు.

మామ్మకి ఇదంతా చెప్తే ఆవిడ పట్టుకున్నది వేరే.

"మరి జలుబు చేస్తే ముక్కు కిందికి కారదు కదరా?"

కారదు. 1968లో అపోలో 7 అనే అమెరికా వ్యోమనౌకలో ఇదే గోల, చీమిడి లోపలే పేరుకుపోయి, హెల్మెట్ ఉంటే ముక్కు చీదలేం, దిగేటప్పుడు చెవులు ఏమవుతాయోనని ముగ్గురూ హెల్మెట్లు పెట్టుకోం పొమ్మన్నారు.