రీచర్ నవలల్లో ఒక్కటి ఎంచుకోవాలంటే: నా అనుభవం

జాక్ రీచర్ అంటే లీ చైల్డ్ థ్రిల్లర్ల హీరో, అమెరికా సైన్యంలో మిలిటరీ పోలీసు ఉద్యోగం వదిలేసి ఊళ్లు తిరిగేవాడు. అతని నవలల్లో ఏది ఇష్టమని అడిగితే ఎక్కువమంది ఆలోచించకుండా ‘కిల్లింగ్ ఫ్లోర్’ అంటారు. 1997లో వచ్చిన మొదటి నవల అదే, 2022లో వచ్చిన మొదటి టీవీ సీజన్ తీసిందీ దాన్నే. అంటే ఆ జవాబులో సగం ఇష్టం, సగం పరిచయం. ఈ రెంటినీ విడదీయకుండా మా చదువరుల బృందంలో ఓటింగ్ పెడితే ఫలితం ముందే తెలిసిపోతుంది. అందుకని ఒక పద్ధతి పెట్టుకున్నాను.

మొదటి పని జాబితా. లీ చైల్డ్ ఒక్కడే రాసినవి ‘కిల్లింగ్ ఫ్లోర్’ నుంచి 2019లో వచ్చిన ‘బ్లూ మూన్’ దాకా 24 నవలలు. 2020లో ‘ద సెంటినెల్’ నుంచి తమ్ముడు ఆండ్రూ కూడా కలిశాడు. ఆ తర్వాతి పుస్తకాల్లో రీచర్ మాట తీరే మారింది, నోరు ఎక్కువైంది. రెండు చేతుల రాతను ఒకే తక్కెడలో వేయడం నాకు సబబు అనిపించలేదు, వాటిని పక్కన పెట్టాను. కథల సంపుటి ‘నో మిడిల్ నేమ్’ కూడా ఈ లెక్కలోకి రాదు.

జాబితాలో ఒక చిక్కుంది. 2000లో వచ్చిన నాలుగో నవల బ్రిటన్‌లో ‘ద విజిటర్’, అమెరికాలో ‘రన్నింగ్ బ్లైండ్’. మన షాపుల్లో కొత్తవి ఎక్కువగా బ్రిటిష్ ముద్రణలే. అబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద మాత్రం రెండూ కనిపిస్తాయి. జాబితాలో రెండు పేర్లూ ఉంటే ఒకే పుస్తకం ఓట్లు చీలిపోతాయి, కొందరు దాన్నే రెండుసార్లు కొంటారు కూడా. కొనేముందు లోపలి పేజీలో కాపీరైట్ సంవత్సరం చూస్తే చాలు.

రెండో పని వడపోత. పుస్తకం తెరవకుండా ఒక్కోదానికి మూడు ముక్కలు రాసుకోవాలి: కథ జరిగే చోటు, అసలు నేరం ఏమిటి, రీచర్ అందులో ఎలా ఇరుక్కున్నాడు. ‘వన్ షాట్’ అయితే వెంటనే వచ్చేస్తుంది. ఇండియానాలో ఒక ఊరు, పార్కింగ్ గరాజ్ నుంచి ఆరు తూటాలు, ఐదుగురు చచ్చారు, దొరికినవాడు నోరు తెరిచి అడిగిన ఒకే ఒక్కటి రీచర్‌ని పిలిపించమని. ‘ద మిడ్‌నైట్ లైన్’ కూడా అంతే, తాకట్టు కొట్టులో కనిపించిన, అమెరికా సైనిక అకాడమీ వెస్ట్ పాయింట్ ఉంగరం. మూడింటిలో రెండైనా రాయలేకపోతే ఆ పుస్తకాన్ని తీసేయడమే. చదువుతున్నప్పుడు ఎంత పరుగు పెట్టించినా సరే. ‘నథింగ్ టు లూజ్’, ‘పర్సనల్’ నా కాగితం మీద ఇక్కడే రాలిపోయాయి. ఈ రెండింటికీ గట్టి అభిమానులున్నారు, వాళ్లతో పేచీ లేదు.

తీసేయకూడని చోట తీసేసే ప్రమాదమూ ఉంది. ‘61 అవర్స్’, ‘వర్త్ డైయింగ్ ఫర్’, ‘ఎ వాంటెడ్ మ్యాన్’, ‘నెవర్ గో బ్యాక్’ ఒకదాని వెంట ఒకటి నడిచే కథలు. సౌత్ డకోటా మంచులో మొదలై, నెబ్రాస్కా మీదుగా, ఫోన్‌లో గొంతు మాత్రమే విన్న సైనికాధికారి సుసాన్ టర్నర్‌ని కలవడానికి రీచర్ వర్జీనియా చేరతాడు. మధ్యలో 2011లో వచ్చిన ‘ది అఫైర్’ 1997 మార్చిలో జరిగే పాత కథ, ఈ వరసకు చెందదు. నాలుగింట్లో మూడోదాన్ని విడిగా చదివినవాళ్లు అది తేలిపోయిందంటారు, కారణం పుస్తకం కాదు, వరస తప్పడం. ఇలాంటివాటికి ఓటేసేవాళ్లు ముందుది చదివారో లేదో అడగాలి.

వడపోతలో మిగిలినవాటిని తిరిగి చదవాలి, కానీ మొత్తం అక్కర్లేదు. మొదటి ముప్పై పేజీలూ, చివరి మూడో వంతూ చాలు. లీ చైల్డ్ ఏటా సెప్టెంబరు 1న కూర్చుని, ముందు ప్లాన్ వేసుకోకుండా రాసుకుపోయేవాడు. అందుకే ఆరంభాలు దాదాపు అన్నీ గట్టిగా ఉంటాయి, ముగింపుల్లోనే తేడా తెలుస్తుంది. ‘గాన్ టుమారో’ మొదటి అధ్యాయం చూడండి: అర్ధరాత్రి దాటాక న్యూయార్క్ సబ్‌వే, ఆత్మాహుతి బాంబర్‌ని గుర్తుపట్టే లక్షణాలు మగవాళ్లకైతే పన్నెండు, ఆడవాళ్లకైతే పదకొండు. సీరీస్ మొత్తంలో ఇంతకు మించిన ఆరంభం నాకు కనపడలేదు. ఆ బిగి చివరిదాకా ఉందా అంటే, నా మట్టుకు లేదు.

ఆ తర్వాత జోడీలు కట్టాలి, పోలికున్న వాటితోనే. రీచర్ ‘నేను’ అని చెప్పే కథలు ఒక గూటిలో: ‘కిల్లింగ్ ఫ్లోర్’, ‘పర్స్వేడర్’, ‘ది ఎనిమీ’, ‘గాన్ టుమారో’, ‘ది అఫైర్’. బయటినుంచి చెప్పేవి మరో గూటిలో. ఈ రెండో రకంలో రచయిత రీచర్ ఆలోచనను దాచిపెట్టగలడు, ఆ సౌకర్యం మొదటి రకంలో తక్కువ. దాచే వీలు ఎక్కువున్న కథనీ తక్కువున్న కథనీ ముందే పోటీకి పెడితే మలుపులు ఎక్కువున్నదే గెలుస్తుంది. గూటికొక విజేతను తేల్చాకే ఆ రెండూ తలపడాలి.

బృందంలో ఓట్లకు లెక్క వేరుగా ఉండాలి. ఒక్కొక్కరు మూడు పుస్తకాలు చెప్తారు, 3, 2, 1 మార్కులు. అక్కడే ఆపేస్తే ఎక్కువమంది చదివిన పుస్తకమే పైకొస్తుంది. కాబట్టి మొత్తం మార్కుల్ని ఆ పుస్తకం చదివినవాళ్ల సంఖ్యతో భాగించాలి. పన్నెండుమంది చదివిన దానికి 18 మార్కులొస్తే 1.5. ఐదుగురే చదివిన దానికి 10 వస్తే 2, అదే పైన. మరీ ఒకరిద్దరే చదివింది నెగ్గకుండా కనీసం నలుగురు చదివి ఉండాలన్న నియమం తప్పదు. మా దగ్గర భాగించకముందు ‘కిల్లింగ్ ఫ్లోర్’ ముందుంది, భాగించాక ‘ది ఎనిమీ’.

నా ఓటు మాత్రం 2003లో వచ్చిన ‘పర్స్వేడర్’కి. అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో సముద్రంలోకి పొడుచుకొచ్చిన రాతినేల మీద ఒంటరి ఇల్లు, అందులో మారువేషంలో రీచర్. బయటి లోకంతో సంబంధం బూటు మడమలో దాచిన చిన్న ఈమెయిల్ పరికరం ఒక్కటే. పదేళ్ల కిందటి సైనిక కేసు పక్కన సమాంతరంగా నడుస్తూ, అతను అక్కడ ఎందుకున్నాడో కొద్దికొద్దిగా విప్పుతుంది. ఆరడుగుల ఐదంగుళాల రీచర్‌కంటే భారీ మనిషి, ఆ ఇంటి కాపలాదారు పౌలీ ఉన్నాడు కాబట్టి, కొట్లాట ఎలా ముగుస్తుందో అన్న భయం ఈ ఒక్కచోట నిజంగా పుడుతుంది. లోపం కూడా ఉంది: పాత కేసులో చచ్చాడనుకున్న విలన్ క్విన్ ఎలా బతికాడన్నది నమ్మించేలా లేదు. అయినా ‘ది ఎనిమీ’తో పోల్చినప్పుడు నాకు తేల్చింది మధ్యభాగం. ‘ది ఎనిమీ’లో 1990 నాటి సైన్యం లోపలి రాజకీయం, ప్యారిస్‌లో తల్లి చివరి రోజులు అద్భుతం, కానీ దర్యాప్తు ఒక ఊరి నుంచి మరో ఊరికి తిరుగుతూ కొంత చెదురుతుంది. ‘పర్స్వేడర్’ ఆ ఇంటి చుట్టూనే తిరిగి తిరిగి వస్తుంది.

2025లో వచ్చిన మూడో టీవీ సీజన్ దీని ఆధారంగానే తీశారు. అది ముందు చూసినవాళ్లకు మొదటి అధ్యాయాల్లోని మలుపు పోయినట్టే. వాళ్లు ఓటేసే ముందు పాత కేసు అధ్యాయాలు చదవాలి, ఆ కేసులో రీచర్ కింద పనిచేసిన సైనికురాలు డొమినిక్ కోల్ కథ బరువంతా వాటిలోనే ఉంది. రెండో స్థానం ‘ది ఎనిమీ’, మూడోది ‘61 అవర్స్’. మూడోదాన్ని కొనేటప్పుడు ‘వర్త్ డైయింగ్ ఫర్’ కూడా తెచ్చిపెట్టుకోండి, ‘61 అవర్స్’ కథను ఎక్కడ వదిలేస్తుందో చూశాక మరుసటి రోజు దాకా ఆగలేరు.