డోలు మోగని మంగళవారం

మంగళవారం, అక్రా (ఘానా రాజధాని)

పొద్దున్నే ఇడ్లీకి పప్పు రుబ్బుదామని మిక్సీ స్విచ్చి మీద వేలు పెట్టి ఆగిపోయాను. మా పేటలో చప్పుళ్ల మీద నిషేధం మొదలై నిన్నటికి రెండు వారాలు. ఎందుకైనా మంచిదని కిటికీలోంచి ఇంటి యజమానురాలిని అడిగాను. "ఆంటీ, మిక్సీ వేయవచ్చా?" ఆవిడ వాకిలి ఊడుస్తూనే, "అది డోలు కాదు కదా, వేసుకో. పాట మాత్రం పాడకు" అన్నారు. నా గొంతు ఆవిడకు ఇదివరకే పరిచయం.

ఆవిడది గా జాతి. అక్రా మొదట వాళ్ల ఊరే. (తెలుగులో రాస్తుంటే ఈ పేరు ప్రత్యయంలా వెళ్లి పక్క మాటకు అతుక్కుంటుంది. వాళ్ల తప్పేమీ లేదు.) ఏటా మే నెలలో వాళ్ల పూజారులు చిరుధాన్యం విత్తుతారు. అక్కడి నుంచి 30 రోజులు డోళ్లు వద్దు, బయట మైకులు వద్దు, అంత్యక్రియల ఆర్భాటం వద్దు. మొలక ఎదిగే వేళ దేవతలకు అలజడి కలగకూడదట. ఆగస్టు వచ్చేసరికి జేమ్స్ టౌన్, అషర్ టౌన్ వీధుల్లో హోమోవో పండుగ. హోమో అంటే ఆకలి, వో అంటే హేళన చేయడం. వలస దారిలో కరవుకు చిక్కి, చివరికి వాన కురిసి పంట చేతికొచ్చాక వాళ్ల పెద్దలు ఆకలిని చూసి నవ్వారని కథ.

ఆదివారాల్లో చర్చి డ్రమ్ములు, రాత్రుళ్లు బార్ల పాటలు, సందు చివర సెల్ ఫోన్ రీచార్జి కొట్టు స్పీకరు, వీటన్నిటి మధ్య మూడేళ్లు బతికిన నాకు ఈ నిశ్శబ్దం మొదట్లో వింతగా ఉండేది. ఇంత పెద్ద నగరం ఒక పొలం కోసం గొంతు తగ్గించుకుంటుందా అని. అంత సులువుగానూ తగ్గించుకోలేదు. 1998 తర్వాత కొన్నేళ్లు, డ్రమ్ములు ఆపని చర్చిలకూ సంప్రదాయవాదులకూ మధ్య కొట్లాటలు జరిగాయి. ఇప్పుడు నగర పాలక సంస్థ ముందే తేదీలు ప్రకటిస్తుంది, ప్రార్థనల చప్పుడు ఆవరణ దాటకూడదంటుంది, గుర్తింపు కార్డులు తగిలించుకున్న తనిఖీ బృందాలు తిరుగుతాయి. పట్టించుకోనివాళ్లూ ఉన్నారు. అయినా నడుస్తోంది.

ఆఫీసు నుంచి వస్తూ చేపల కోసం సముద్రం ఒడ్డున దిగాను. దిగాక గుర్తొచ్చింది, ఇవాళ మంగళవారమని! మంగళవారం సముద్ర దేవుడికి విశ్రాంతి, పడవ నీళ్లలోకి దిగదు. రంగురంగుల పడవలన్నీ ఇసుకలో వరుసగా పడి ఉన్నాయి, మగవాళ్లు వలలు బాగుచేసుకుంటున్నారు. కాకినాడలో పెరిగినవాణ్ణి, నాకు వేట నిషేధం కొత్త కాదు. మన దగ్గర ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు మర పడవలు కదలవు. అది సర్కారు ఉత్తర్వు. ఇక్కడ వారానికొకసారి ఆపడం తాతల నాటి మాట. ఈ దేశ ప్రభుత్వం చిన్న పడవలకు కూడా వేట విరామం పెట్టింది 2019లోనే. అంతకు ఎన్నో తరాల ముందే ఈ ఒడ్డు చేపకు వారంలో ఒక రోజు సెలవు ఇచ్చింది.

చేప దొరకక తెల్ల వంకాయలు కొన్నాను. కోడిగుడ్డులా ఉంటాయి, గుత్తి వంకాయకు బాగా నప్పుతాయి. ఒక గిన్నెడు ఆంటీకి తీసుకెళ్లాను. పెరట్లో ఆవిడ చేపలకు పొగపెట్టే మట్టి పొయ్యికి పగుళ్లు పూస్తున్నారు. పని లేని మంగళవారాల్లో ఆవిడ పని అదే.

పండుగ గురించి అడిగితే అందరూ చెప్పేది వంట గురించే. మొక్కజొన్న పిండిని ఆవిరి మీద ఉడికించి, ఎర్రటి పామాయిల్ కలిపి క్పోక్పోయ్ చేస్తారు. పామ్ కాయల పులుసు, పొగబెట్టిన చేప దాని జోడీ. పెద్దలు దాన్ని పితృదేవతల కోసం నేల మీద చల్లుతారు. ఆ పూట ఇంటిల్లిపాదీ చిన్నా పెద్దా తేడా లేకుండా ఒకే పళ్లెంలో చెయ్యి పెడతారు. ఆంటీ మాత్రం ఇవాళ మర్నాటి సంగతి ఎత్తారు. శనివారం పండుగైతే ఆదివారం ఇళ్లకు వెళ్లి ఒకరికొకరు ఆయుష్షు కోరుకోవాలి, పాత తగాదాలు తీర్చుకోవాలి.

"మా చెల్లెలితో మాటలు లేక పది నెలలు" అన్నారు ఉన్నట్టుండి. తండ్రి ఇంట్లో ఒక గది దగ్గర వచ్చిన పేచీ.

"ఇప్పుడే వెళ్లి మాట్లాడవచ్చు కదా?"

"ఇప్పుడా! ఇప్పుడు వెళితే ఓడిపోయానని అనుకుంటుంది. ఆ ఆదివారం వెళితే పండుగకు వచ్చానని అనుకుంటుంది."

హోమోవో గురించి నేను విన్న వివరణలన్నిటిలో నాకు బాగా అర్థమైంది ఇదే. ఊరేగింపు ఫోటోలు తీసుకోవడానికి వచ్చేవాళ్లకు ఇది తెలిసే దారి లేదు. నా మటుకు నాకు సంక్రాంతికి ఊరు వెళ్లినప్పుడు బాబాయి వాళ్ల గుమ్మం దాటకుండా తిరిగొచ్చిన రెండేళ్లు గుర్తొచ్చాయి. ఆ సంగతి ఆంటీకి చెప్పలేదు.

ఆవిడ కూర రుచి చూశారు. "బాగుంది. చేప ఏది?" అన్నారు. మంగళవారం అన్నాను. నవ్వారు. రేపు పడవలు వెళతాయి, వచ్చినవాటిలో పెద్దవి నాలుగు పక్కన పెట్టాలి, మా చెల్లికి తలకాయ ఇష్టం, అన్నారు.

"ఆగస్టుకు ఇంకా రెండు నెలలుంది ఆంటీ."

"పొగ బాగా పట్టిస్తే నిలుస్తుంది" అని మళ్లీ మట్టి కలుపుకోసాగారు.