అమ్మ వేపాకు రాసిన రోజు

ఈస్టరుకు ముందు వచ్చే తపస్సు కాలం చివరికొచ్చేసరికి మా విచారణలో, అంటే మా గుడికి చెందిన జనంలో, లెక్కల పుస్తకాలు తెరుచుకుంటాయి. ఎన్ని సిలువమార్గాలు చేశాం, ఎన్ని శుక్రవారాలు పస్తున్నాం, ధ్యానకూటంలో ఎవరికి ఎంత ఏడుపొచ్చింది. పూజ ముగిసి గుడి మెట్లు దిగకముందే మొదలు. మార్కు సువార్త 4వ అధ్యాయంలో విత్తనం చల్లినవాడు నిద్రపోయాడు, లేచాడు. అది ఎలా ఎదిగిందో అతనికే తెలియదు. మనం మాత్రం రోజూ మట్టి తవ్వి మొలకను పైకి లాగి చూసుకుంటాం.

ఆ మెట్ల మీదే మొన్న ఒక చెల్లి బెంగగా అడిగింది. "మునుపు జపమాల చేతికి తీసుకుంటేనే కళ్లు చెమర్చేవి అక్కా. ఇప్పుడు నాలుక ఒక్కటే కదులుతోంది. వెనక్కి పోతున్నానేమో?" అప్పుడు సరిగా చెప్పలేకపోయాను.

ప్రార్థనలో వచ్చే చీకటి గురించి రాసిన పునీత సిలువ యోహాను గారు ఒక తల్లిని చూపిస్తారు. పసిబిడ్డను ఒడిలో పెట్టుకొని పాలు ఇస్తుంది, ముద్దాడుతుంది. బిడ్డ ఎదిగేకొద్దీ ముద్దులు దాచుకుంటుంది, రొమ్ముకు చేదు రాస్తుంది, చంక దించి తన కాళ్ల మీద తాను నడవమంటుంది. 16వ శతాబ్దపు స్పెయిన్‌లో ఆ చేదు కలబంద రసం. మన ఇళ్లలో వేపాకు.

నా చిన్నకొడుకు చేత పాలు మాన్పించడానికి మా అమ్మ వేపాకు నూరి ఇచ్చింది. వాడు ఒకసారి నోరు పెట్టి, ముఖం చిట్లించి, నా వంక చూశాడు. ఆ చూపు ఇంకా మరచిపోలేదు. అమ్మకు తన మీద కోపమొచ్చిందనుకున్నాడు వాడు. నేను గోడవైపు తిరిగి ఏడ్చాను. వాడి ఏడుపు ఇల్లంతా వినిపించింది, నా ఏడుపు వాడికి తెలియనే లేదు. మూడో రోజుకు పప్పన్నం తిన్నాడు. చెల్లీ, నీ జపంలోకి వచ్చిన చేదు ఎవరి చేతిదో ఒకసారి ఆలోచించు.

అలాగని పొడిబారిన ప్రతి ప్రార్థనా ఎదుగుదల కాదు. యోహాను గారు ఈ విషయంలో గట్టివారు. దేవుని సంగతుల్లో రుచి పోయి, లోకపు సంగతుల్లోనూ రుచి దొరకక, దేవుణ్ణి సరిగా సేవించడం లేదేమోనన్న బెంగ మిగిలితేనే అది తల్లి రాసిన చేదు. జపంలో ఆవలింతలు వచ్చి, సీరియల్ వేళకు మాత్రం కళ్లు పత్తికాయల్లా విచ్చుకుంటే అది వేపాకు కాదు, బద్ధకం. దానికి వేరే మందుంది, శనివారం సాయంత్రం పాపసంకీర్తనానికి, అంటే తప్పులు ఒప్పుకోవడానికి, వరుసలో నిలబడితే గురువుగారే ఇస్తారు.

సరే, చంక దిగిన బిడ్డ ఎటు నడవాలి? నాకు ఫ్రాన్స్ దేశపు కన్యాస్త్రీ పునీత చిన్న తెరేజమ్మ గుర్తొస్తుంది. ఏడేళ్లుగా ప్రార్థన వేళ నిద్ర ముంచుకొస్తోందని తానే రాసుకున్న మనిషి. ఆమె ఉన్న లిసియు కార్మెల్ మఠంలో సెయింట్ పియెర్ అనే పెద్ద సిస్టర్ ఉండేది. జబ్బు మనిషి, ఎవరేం చేసినా నచ్చేది కాదు. సాయంత్రం ధ్యానంలో ఉండగా, ఆరుకు పది నిమిషాలకు ఆమె తన ఇసుక గడియారాన్ని ఊపేది. బయలుదేరదామని దాని అర్థం. తెరేజమ్మ ధ్యానం వదిలి లేచి, ఆమె నడికట్టు వెనక నుంచి పట్టుకొని భోజనశాలకు నడిపించేది. త్వరగా నడిస్తే పడిపోతానని ఒక సణుగుడు, నెమ్మదిగా నడిస్తే నీ చేయి ఎక్కడుందని ఇంకో సణుగుడు. కూర్చోబెట్టి, ఆమెకు నచ్చినట్టే అంగీ చేతులు పైకి మడిచి, రొట్టె కోసిపెట్టి, ఒక చక్కటి నవ్వు నవ్వి వెళ్లేది. 1897లో 24 ఏళ్లకే కన్నుమూసిన ఆ పిల్ల ఎదుగుదలను నేను చూసేది ఆ కోసిన రొట్టెముక్కలోనే.

ఇంత తెలిసీ నేనేం చేశాను? మా అత్తయ్యకు మోకాళ్లు పనిచేయవు. జపమాల సగంలో, సరిగ్గా మూడో దేవరహస్యానికి పిలుస్తారు. "పది నిమిషాలు ఆగలేరా?" అని జపమాల చేతిలో ఉండగానే కసిరిన రోజులున్నాయి. పైగా పాపసంకీర్తనంలో, "జపానికి ఆటంకాలు వస్తున్నాయి స్వామీ" అని చెప్పుకున్నాను. ఆ ముసలి గురువుగారు నెమ్మదిగా, "ఆటంకం పేరేమిటమ్మా?" అన్నారు. సిగ్గుతో నోరు పెగల్లేదు. ఆ వారమంతా అత్తయ్య మంచం పక్కనే కూర్చొని జపం చెప్పమని ప్రాయశ్చిత్తం ఇచ్చారు.

కాబట్టి ఎదిగానా లేదా అని గుడి మెట్ల మీద అడగకండి. మీరు జపంలో ఉన్నప్పుడు పిలవడానికి ఇంట్లో ఎవరు భయపడుతున్నారో చూసుకోండి. పడిపోతే లేవండి. కసిరితే ఆ రాత్రే క్షమాపణ అడగండి, ఆదివారం పూజ దాకా ఆగకండి.

ఆ వారం ఎప్పుడో దాటిపోయింది, నేను మంచం పక్కనే ఉండిపోయాను. నిన్న అత్తయ్య కిటికీ వేయమన్నారు, కాసేపటికి తీయమన్నారు, తరువాత దుప్పటి సర్దమన్నారు. కూర్చునేసరికి ఆ పది పూసల్లో ఎన్ని మంగళవార్త జపాలయ్యాయో మరచిపోయాను. పూసల్లో వేళ్లు పెట్టి తడుముకుంటుంటే అత్తయ్య కళ్లు మూసుకునే, "ఏడయ్యాయి" అన్నారు.