పూతలపట్టులో బస్సెక్కిన పెద్దాయన

చిత్తూరు నుంచి తిరుపతికి మామూలుగా గంటన్నర, మహా అయితే రెండు గంటలు. మామిడికాయల సీజన్‌లో ఆ లెక్క చెల్లదు. గుజ్జు ఫ్యాక్టరీల దగ్గర తోతాపురి లోడు ట్రాక్టర్లు బారులు తీరి ఉంటే, మా బస్సు వాటి పక్కన నత్తలా పాకింది. షాపులు మధ్యాహ్నం మూసేస్తారేమోనని నాకు టెన్షన్. తమ్ముడూ నేనూ రాసుకున్న గేమింగ్ కంప్యూటర్ లిస్టు చేతిలోనే ఉంది.

పూతలపట్టులో ఎక్కిన పెద్దాయన పక్కన కూర్చున్నారు. సంచిలో రాగి తీగ చుట్టలు. బోరు మోటార్లకు వైండింగ్ చేస్తారట.

"ఏం కొనేదానికి పోతా ఉండావు నాయనా?"

ప్రాసెసర్ రైజెన్ 5 5600, గ్రాఫిక్స్ కార్డు ఆర్‌ఎక్స్ 6600 అని చదివాను. ఆ పేర్లు ఆయన పట్టించుకోలేదు. "ఏది ఎంత కరెంటు తింటాది?" అన్నారు. గ్రాఫిక్స్ కార్డు 132 వాట్లు. ప్రాసెసర్ అట్ట మీద 65 అని ఉన్నా, గట్టిగా పని చేస్తే 76 దాకా లాగుతుంది. "మరి కరెంటిచ్చే డబ్బా ఏది?" లిస్టులో ఆ పవర్ సప్లై గడి ఇంకా ఖాళీగా ఉంది, షాపులో చూసి తీసుకుందామనుకున్నాం.

"పైన పెద్దక్షరాల్లో రాసింది నమ్మొద్దు. స్టిక్కరు మీద 12 వోల్టుల లైన్లో ఎన్ని ఆంపియర్లో చూసి, పన్నెండుతో గుణించు. నీకు దక్కేది అంతే."

ఎండాకాలంలో వోల్టేజీ పడిపోయినా మోటారు నీళ్లు తోడాల్సిందే కాబట్టి కరెంటు ఎక్కువ లాగి, వైండింగ్ కాలిపోతుందని చెప్పారు. "మోటారు కాలితే అదొక్కటే పోతాది. నీ డబ్బా కాలితే పక్కనుండేవాటిని కూడా తీసుకుపోతాది." చిన్నప్పుడు మా ఇంట్లో టీవీ అలాగే వోల్టేజీకి బలైంది. నాన్న మళ్లీ కొనడానికి ఎంతకాలం పట్టిందో గుర్తొచ్చింది. చంద్రగిరి కోట ఎప్పుడు దాటిందో కూడా చూడలేదు.

తిరుపతి బస్టాండు బయట, నడిచి వెళ్లే దూరానికి ఆటోవాళ్లు 100 అడిగారు. కొండకొచ్చే భక్తులకు చెప్పే రేటే మనకూ చెబుతారు. నడిచే వెళ్లాను.

మొదటి షాపులో రంగురంగుల లైట్ల క్యాబినెట్, దాంతోపాటే పవర్ సప్లై. పైన 450 వాట్లు అని ఉంది. స్టిక్కరు చూపించమంటే విసుక్కుంటూ తిప్పాడు: 12 వోల్టుల లైన్లో 14 ఆంపియర్లు. అంటే 168 వాట్లు! మా కార్డుకీ ప్రాసెసర్‌కీ కలిపే 208 కావాలి. "అందరూ ఇదే తీసుకెళ్తున్నారన్నా, ఏమీ కాదు" అన్నాడు. నిజంగా కోపమొచ్చింది. డబ్బులు కూడబెట్టుకుని వచ్చే పిల్లలకు తెలిసి తెలిసి అది ఎలా అంటగడతారు? పైగా బిల్లు వద్దంటే 18 శాతం జీఎస్టీ తగ్గిస్తానన్నాడు. కార్డు పోతే బిల్లు లేకుండా వారంటీ ఎవరిని అడగాలి?

ఇంకో షాపులో 550 వాట్ల, 80 ప్లస్ బ్రాంజ్ (కరెంటు తక్కువ వృథా చేస్తుందని ఇచ్చే గుర్తు) పవర్ సప్లై దొరికింది. 12 వోల్టుల లైన్లో 45 ఆంపియర్లు. దానికోసం లైట్ల క్యాబినెట్ వదులుకున్నాం, ఆటలు, ఫైళ్లు దాచే ఎస్‌ఎస్‌డీ 1 టీబీది బదులు 500 జీబీది తీసుకున్నాం. కార్డు జోలికి మాత్రం వెళ్లలేదు. ర్యామ్ ధరలైతే 2025 చివరి నుంచి మంటెక్కిపోయాయి. అయినా 16 జీబీది ఒక్కటి కాకుండా 8 జీబీవి రెండు పట్టుబట్టి తీసుకున్నాను, రెండు ఛానళ్లలో, అంటే డేటా ఒకేసారి రెండు దారుల్లో నడిస్తేనే ఆటలకు బాగుంటుంది.

మదర్‌బోర్డు పాత స్టాకు బీ450. అందులో మా 5600 ప్రాసెసర్ పనిచేయాలంటే బయాస్ (బోర్డులోనే ఉండే, కంప్యూటర్‌ని మొదలుపెట్టే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ అయి ఉండాలి. అది అక్కడే చేయించి, స్క్రీన్ మీద ప్రాసెసర్ పేరు కనబడ్డాకే డబ్బులిచ్చాను. తమ్ముడికి ఫోన్ చేస్తే అడిగిన మొదటి మాట "లైట్లున్నాయా అన్నా?"

మానిటర్‌కు డబ్బులు మిగల్లేదు. ప్రస్తుతానికి హాల్లో టీవీకే తగిలించి ఆడుతున్నాం. అమ్మ సీరియల్ టైముకి ఆపేయాలి. మానిటర్ దసరాకి చూడాలి.