తివాచీ తిరగేసి చూడండి

మొత్తానికి పాత హమదాన్ తివాచీ ఒకటి కొన్నాను. ఇరాన్‌లో హమదాన్ చుట్టుపక్కల పల్లెల్లో నేసే రకం. అక్కడిదే ఇంకో ఊరు కాశాన్, దాని తివాచీల నాజూకు వీటికి ఉండదు, కాస్త మొరటు. నాకు నచ్చింది అదే.

ఇప్పుడు ఏ తివాచీ కనిపించినా ముందు తిరగేస్తున్నాను (ఇంట్లోవాళ్లకి చిరాకు). హమదాన్‌లో ముడుల వరసల మధ్య పేక పోగు (అడ్డంగా వెళ్లేది) ఒక్కటే. అందుకే వెనక పడుగు నూలు (నిలువు పోగులు) తెల్లటి చుక్కల్లా బయటపడుతుంది. ముందువైపు ఉన్ని విడదీసి మొదలు కూడా చూడాలి. కొస బాగా వెలిసిపోయి, మొదట్లో మాత్రం రంగు కొట్టొచ్చినట్టుంటే 1856 తర్వాత వచ్చిన రసాయన రంగేమోనని అనుమానించాలి.

నాదాంట్లో ముదురు నీలం మధ్య ఒక పట్టీ ఉన్నట్టుండి లేతగా మారింది. ఆ ఉన్ని ఇంకో విడత అద్దకం, అంతే. పాత సామాన్ల షాపాయన అది లోపమని ధర తగ్గించాడు. నేనెందుకు కాదంటాను!